పొర కిందికి దిగితే గ్రంథి: ఉపకళా కణజాలంపై అపోహలు, వాస్తవాలు

పాథాలజిస్టుగా సూక్ష్మదర్శిని కింద నేను రోజూ చూసేది ఎక్కువగా ఉపకళా కణజాలాన్నే (ఎపిథీలియం), అంటే ఒంటి పైనా, అవయవాల లోపలా పరచుకుని ఉండే కణాల పొరను. బయాప్సీ ముక్క కడుపుదైనా, గర్భాశయ ముఖద్వారానిదైనా నా కన్ను ముందుగా వెతికేది ఆ పైపొరను, దాని అడుగున హద్దులా ఉండే పలచని ఆధార త్వచాన్ని. వైద్య విద్యార్థుల నుంచీ రోగుల నుంచీ ఈ పొర గురించి తరచుగా వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని సరిదిద్దాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

అపోహ: ఉపకళ అంటే శరీరానికి కప్పిన తొడుగు, అంతే.

వాస్తవం: తొడుగే అయితే అన్నిచోట్లా ఒకేలా ఉండేది. ఊపిరితిత్తుల వాయుగోణుల్లో ఒకే వరుసలో బల్లపరుపు కణాలుంటాయి, ఎందుకంటే ఆక్సిజన్ దాటాల్సిన దూరం తక్కువగా ఉండాలి. చిన్నపేగులో నిటారుగా నిలిచిన స్తంభాకార కణాలు, వాటి తలల మీద వేల సూక్ష్మచూషకాలు ఉంటాయి. పీల్చుకోవడానికి అంత వైశాల్యం కావాలి మరి. అన్నవాహికలో రాపిడి ఎక్కువ కాబట్టి అక్కడ వరుస మీద వరుస పేర్చి ఉంటుంది. మూత్రాశయం నిండినప్పుడు దాని లోపలి పొర సాగి పలచబడి, ఖాళీ అయ్యాక మళ్లీ మందమవుతుంది.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఈ కణాల దిశాజ్ఞానం. పేగు కణం పైముఖం నుంచి గ్లూకోజ్‌ను సోడియంతో కలిపి లోపలికి తీసుకుంటుంది, అడుగు నుంచి రక్తం వైపు పంపుతుంది. పైముఖం చేసే పని అడుగు చేయదు. పక్కపక్క కణాల మధ్య బిగుతైన అతుకులుంటాయి, సందుల్లోంచి ఏదీ ఇష్టం వచ్చినట్టు జారిపోకుండా. ఏది పైన, ఏది కింద అన్న తెలివి తప్పిన కణాలు కనిపిస్తే నేను అక్కడే ఆగి, పెద్ద కటకం తిప్పి చూస్తాను. క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పుల్లో ఇది ముఖ్యమైనది.

అపోహ: రక్తనాళాలు లేవు కనుక ఇది నిర్జీవమైన పొర.

వాస్తవం: రక్తనాళాలు లేని మాట నిజమే. చర్మం పైపైన గీసుకుపోతే రక్తం రానిది అందుకే. ఆక్సిజన్, పోషకాలు కింది సంయోజక కణజాలం నుంచి ఆధార త్వచం గుండా చేరతాయి. అయితే నాడులు ఉంటాయి. కార్నియా మీద చిన్న నలుసు పడితే కన్ను తెరవలేకపోవడమే సాక్ష్యం. ఇక జీవం సంగతి అంటారా, పేగు లోపలి పొర దాదాపు 3 నుంచి 5 రోజుల్లో కొత్తదవుతుంది. చర్మంపైన కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ నిండిన కణాలు మాత్రం నిజంగానే మృతకణాలు. వాటిని అందించే అడుగు వరుస విభజన చెందుతూనే ఉంటుంది.

అపోహ: గ్రంథులు వేరు, ఉపకళ వేరు.

వాస్తవం: పిండదశలో ఉపకళ మొగ్గలా కిందికి దిగడం వల్లనే చాలా గ్రంథులు ఏర్పడతాయి. పైపొరతో దారి మిగిలితే లాలాజల గ్రంథిలాంటి నాళ గ్రంథి అవుతుంది. దారి తెగిపోతే స్రావం నేరుగా రక్తంలో కలిసే వినాళ గ్రంథి అవుతుంది. థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది. కొందరిలో ఆ పాతదారి పూర్తిగా మూసుకోక, మెడ మధ్యలో తిత్తిలా ఉబ్బుతుంది. నాలుక బయటికి చాపమంటే ఆ ఉబ్బు పైకి కదులుతుంది. పిండదశలో ఉన్న అనుబంధం పెద్దయ్యాక కూడా అలా బయటపడుతుంది! అడ్రినల్ గ్రంథి లోపలి భాగం మాత్రం దీనికి మినహాయింపు, అది నాడీ సంబంధమైన కణాల నుంచి వస్తుంది.

క్లోమం రెండు పనులూ చేస్తుంది. దాని అధిక భాగం జీర్ణరసాలను నాళంలోకి పంపుతుంది. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించిన పుటికలు, అంటే చిన్న కణాల గుంపులు, మొత్తంలో 1, 2 శాతమే అయినా రక్తంలోకి ఇన్సులిన్ పంపేవి అవే. శ్లేష్మం స్రవించే గోబ్లెట్ కణమైతే ఒంటరిగానే ఒక గ్రంథి.

అపోహ: చెమట విషాలను బయటకు పంపుతుంది.

వాస్తవం: చెమటలో ప్రధానంగా ఉండేది నీరు, ఉప్పు. దాని పని ఒంటిని చల్లబరచడం. విషపదార్థాల సంగతి చూసేవి కాలేయం, మూత్రపిండాలు.

అపోహ: జ్వరంలో మెడలో వాచేవి గ్రంథులు.

వాస్తవం: అవి రోగనిరోధక కణాలుండే లింఫ్ కణుపులు, స్రవించే ఉపకళ వాటిలో ఉండదు. అందుకే కణుపులో గ్రంథి ఆకృతి కనిపిస్తే, ఎక్కడి నుంచో వలస వచ్చిన క్యాన్సరేమో అన్నదే నా మొదటి అనుమానం.

అపోహ: రిపోర్టులో 'కార్సినోమా' అన్న మాట ఉంటే వ్యాపించినట్టే.

వాస్తవం: కార్సినోమా అంటే ఉపకళలో పుట్టిన క్యాన్సర్ అని మాత్రమే. పెద్దవాళ్లలో వచ్చే క్యాన్సర్లలో అత్యధికం ఇవే. పక్కనే 'ఇన్ సిటు' అని ఉంటే, ఆ కణాలు ఆధార త్వచాన్ని ఇంకా దాటలేదని అర్థం. ఆ హద్దుకు పైన రక్తనాళాలు గానీ, లింఫ్ నాళాలు గానీ లేవు. అవి లేకుండా మరో అవయవానికి చేరే మార్గం ఆ కణాలకు లేదు. సందేహం వస్తే అదే ముక్కను మరికొన్ని మట్టాల్లో కోయించి, హద్దు ఎక్కడైనా తెగిందేమో వెతికి చూశాకే రిపోర్టు మీద సంతకం పెడతాను.