"బాగుపడ్డాక వస్తానండీ": పాపాల ఒప్పుకోలు గురించి అపోహలు, వాస్తవాలు

సంఘ కాపరిగా నేను ఎక్కువసార్లు వినే మాట ఒకటుంది. "కొంచెం బాగుపడ్డాక వస్తానండీ, పాస్టర్ గారూ." తాగుడు మానాక, ఆ తప్పుడు సంబంధం తెంచుకున్నాక, కోపం తగ్గాక, ప్రార్థనలో మళ్లీ కన్నీళ్లు రావడం మొదలయ్యాక. చెప్పేవాళ్లు దీన్ని వినయం అనుకుంటారు, అందుకే కాదని చెప్పడం కూడా కష్టం. మిగతా అపోహలన్నీ కలిసి చేసే నష్టం కంటే ఇదొక్కటే ఎక్కువ నష్టం చేస్తోంది. కాబట్టి ముందు దీని సంగతి చూస్తాను, మిగతావి తర్వాత గబగబా.

అపోహ: ముందు పాపం మానాలి, ఆ తర్వాతే దేవుని ముందుకు రావాలి.

వాస్తవం: బైబిల్లో ఆ వరుసలో వచ్చినవాళ్లను వెతికి చూడండి, దొరకరు. యెషయా 6లో ప్రవక్త తాను అపవిత్రమైన పెదవులు గలవాడినని ముందు అంటాడు, నిప్పు ఆ పెదవులకు తగిలేది ఆ తర్వాత. కీర్తన 51లో దావీదు "నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అని అడుగుతాడు. అప్పటికే శుద్ధహృదయం ఉంటే అడగాల్సిన పనేముంది? లూకా 5లో పేతురు యేసు మోకాళ్ల దగ్గర పడి, నేను పాపాత్ముణ్ని, నన్ను విడిచి వెళ్లిపో ప్రభువా అంటాడు. యేసు వెళ్లలేదు. భయపడవద్దన్నాడు, పైగా పని అప్పగించాడు. తన గురించి పేతురు చెప్పుకున్నది నిజమే. "కాబట్టి వెళ్లిపో" అన్న ముక్కే తప్పు. మనవాళ్లు కూడా సరిగ్గా అక్కడే తప్పుతారు. ఆరోగ్యం ఉన్నవాళ్లకు వైద్యుడు అక్కర్లేదని ప్రభువే చెప్పాక, జ్వరం తగ్గాక ఆసుపత్రికి వెళ్తానంటే ఏమనాలి?

తప్పిపోయిన కుమారుడి కథ అందరికీ వచ్చు. వచ్చు కాబట్టే ఒక వివరం మీద దృష్టి పోదు. తండ్రి ఆస్తి తగలేసి పందులు మేపే స్థితికి వచ్చి, అక్కడే కూర్చుని అతను తండ్రికి చెప్పాల్సిన మాటలు తయారు చేసుకుంటాడు. అందులో చివరిది, "నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో" (లూకా 15:19). తండ్రి ఎదుట నిలబడ్డాక 21వ వచనంలో ఆ చివరి మాట లేదు. 22వ వచనానికల్లా తండ్రి దాసులతో మాట్లాడుతున్నాడు, ప్రశస్త వస్త్రం తెమ్మంటున్నాడు. కష్టపడి బాకీ తీర్చుకుంటాననే ప్లాన్ బయటికే రాలేదు. బట్టలు మార్చుకుని ఇంటికొచ్చినవాడు కాదతను, ఇంటికొచ్చాకే బట్టలు మారాయి.

ఈ అపోహ అన్నిటికంటే గట్టిగా పట్టుకునేది ప్రభువు బల్ల దగ్గర, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే చోట. బల్ల ఇచ్చే ఆదివారం కొందరు ముందు పాట అయ్యేలోపే లేచి వెళ్లిపోతారు. మా సంఘంలో ఒక పెద్దావిడ ఏళ్ల తరబడి అలాగే చేసేవారు. ఏదో ఆరోగ్య సమస్య అనుకున్నాను. ఒకరోజు అడిగితే మెల్లగా చెప్పారు: సొంత చెల్లెలితో ఆస్తి గొడవ, మనసులో కక్ష పోవడం లేదు, ఆ మనసుతో బల్ల తీసుకుంటే జబ్బు చేసి చచ్చిపోతారని ఎవరో చెప్పారట. 1 కొరింథీ 11:30 చూపించి మరీ చెప్పారట. ఆ ఒక్క వచనం పట్టుకుని మనుషుల్ని హడలగొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పక్కన కూర్చుని 17వ వచనం నుంచి చదివించాను. అక్కడి గొడవ ఏమిటి? కొరింథు సంఘంలో ఒకళ్లు ముందే తినేసి మత్తులో ఉన్నారు, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. పేదవాణ్ని సిగ్గుపరిచి అదే ప్రభువు భోజనం అన్నారు. పౌలు కోపం దాని మీద. ఇక 28వ వచనం: ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకోవాలి, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను". పరీక్షించుకుని ఇంటికి వెళ్లిపొమ్మని ఎక్కడా లేదు.

ఆవిడ వెంటనే మత్తయి 5 ఎత్తారు. ముందు సహోదరునితో సమాధానపడి రమ్మని ఉంది కదా అని. ఉంది. ఆవిడ రెండుసార్లు ఫోన్ కూడా చేశారు, చెల్లెలు పెట్టేసింది. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని రోమా 12:18 అంటోంది కదమ్మా, అవతలి మనిషి చేతిలో ఉన్నదానికి మీరు జవాబుదారీ కాదు అన్నాను. ఆ చెల్లెలు ఇప్పటికీ మాట్లాడటం లేదు. ఆవిడ మాత్రం బల్లకు ఉంటున్నారు.

అయితే పాపం చేస్తూ వస్తూ పోతూ ఉండొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. సామెతలు 28:13 "ఒప్పుకొని విడిచిపెట్టువాడు" అంటుంది, రెండూ కావాలి. కానీ ఏది ముందో చూడండి. విడిచిపెట్టడానికి బలం దేవుని దగ్గర దొరుకుతుంది, ఆయనకు దూరంగా తిరిగితే దొరకదు. దూరంగా ఉండి సొంతంగా బాగుపడి తిరిగొచ్చినవాళ్లను నేనింతవరకు చూడలేదు. దూరంగా ఉండటానికి అలవాటు పడినవాళ్లను చాలామందిని చూశాను.

రెండో అపోహ భయస్తులది: గుర్తున్న ప్రతి పాపాన్నీ ఏకరువు పెట్టాలి, ఒక్కటి మర్చిపోయినా క్షమాపణ చెల్లదు. "తన పొరపాటులు కనుగొనగలవాడెవడు?" అని కీర్తన 19:12 అడుగుతుంది. 1530లో లూథరన్లు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో సమర్పించిన విశ్వాస ప్రకటన ఇదే వచనం చూపించి, ఒప్పుకోలులో పాపాలన్నీ లెక్కపెట్టి చెప్పనక్కర్లేదని రాసింది. అలాగని వ్యక్తిగత ఒప్పుకోలును తీసెయ్యలేదు, ఉంచాలనే చెప్పింది. ఆ లూథరన్ల నాయకుడు మార్టిన్ లూథర్‌కు ఈ బాధ బాగా తెలుసు. సన్యాసిగా ఉన్న రోజుల్లో స్టౌపిట్జ్ అనే పెద్దాయన దగ్గర గంటల తరబడి ఒప్పుకుంటూ ఆయన్ను విసిగించాడని చెబుతారు.

మీరు ఒకే పాపాన్ని రోజుకు పదేపదే ఒప్పుకుంటున్నారా? ప్రార్థన "సరిగ్గా" రాలేదని మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతున్నారా? ఇష్టం లేని దూషణ మాటలు వాటంతటవే తలలోకి వచ్చి టెన్షన్ పెడుతున్నాయా? ఇది ఓసీడీ అనే జబ్బు కావచ్చు. మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. మానసిక వైద్యుణ్ని కలవండి. విశ్వాసం తక్కువై వచ్చింది కాదు, ఇంకో ఉపవాసంతో పోయేదీ కాదు. "ఈ ప్రార్థన ఇన్నిసార్లు చెప్పండి, శాపం విరుగుతుంది" అనే వాట్సాప్ మెసేజ్‌లు ఇలాంటివాళ్లను ఇంకా లోతుకు తోస్తాయి. దయచేసి పంపకండి.

"పరిశుద్ధాత్మను దూషించానేమో" అని రాత్రి పూట మెసేజ్ పెట్టేవాళ్లూ వీళ్లలోనే ఎక్కువ. ఆ దూషణకు క్షమాపణ లేదని యేసు అన్న మత్తయి 12 చదవండి. దయ్యం పట్టినవాడు బాగుపడ్డాడని తెలిసి కూడా అది దయ్యాల అధిపతి పని అని తేల్చేసిన పరిసయ్యులతో అన్న మాట అది. వాళ్లకు భయం లేదు, క్షమాపణ అడగాలనీ లేదు. మీరు అడుగుతున్నారు. పేతురు ఒట్టు పెట్టుకుని మరీ యేసును ఎరుగనన్నాడు, అతనికే గొర్రెలను మేపమని చెప్పాడు ప్రభువు.

కష్టం వచ్చిందంటే దాచిన పాపం ఉందట! జబ్బుపడ్డ ఇంటికి పరామర్శకు వెళ్లి "ఏదైనా ఒప్పుకోనిది ఉందేమో చూసుకోండి" అనేవాళ్లు యోబు 42:7 చదువుకోవాలి. కష్టాల్లో ఉన్న యోబుతో అలా మాట్లాడిన స్నేహితుల మీదే దేవుడు కోప్పడ్డాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్ల కంటే ఎక్కువ అపరాధులు కాదని యేసే చెప్పాడు. ఇంతకంటే దీని మీద సమయం పెట్టను.

మనిషికి కూడా చెప్పాలా? కతోలిక సంఘంలో గురువు దగ్గర ఏడాదికి ఒక్కసారైనా ఒప్పుకోవాలని 1215లోనే నాలుగో లాటరన్ మహాసభ నియమం పెట్టింది. విన్నది ఆ గురువు ఎవరికీ చెప్పకూడదు. మా సంఘాల్లో ఆ నియమం లేదు గానీ యాకోబు 5:16 ఉంది, ఒకరితో ఒకరు ఒప్పుకోమని. ఒకరితో అంటే మైకు ముందు అని కాదు. సాక్ష్యం పేరుతో పాత తప్పులు పూసగుచ్చినట్టు చెప్పి, అందులో ఇంకొకరి పరువు కూడా తీసినవాళ్లను చూశాను. నోరు కట్టుకోగల ఒక్క మనిషిని వెతుక్కోండి. ఆ మనిషి పాస్టరే అవ్వాలని లేదు.

చివరిది, మర్చిపోకూడనిది. దేవుని దగ్గర ఒప్పుకున్నాను, ఇక ఎవరికీ బాకీ లేను అనుకోవడం. లేవీయకాండం 6లో దోచుకున్నది తిరిగిచ్చి, దాని మీద ఐదో వంతు కలపమని ఉంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. డబ్బు తిన్నవాళ్లు డబ్బు తిరిగివ్వాలి. ఇంట్లో మనిషిని కొట్టినవాళ్లు, పిల్లలకు హాని చేసినవాళ్లు చట్టం ముందు నిలబడాలి. ఊరియా భార్యను తీసుకుని అతన్ని చంపించిన దావీదు ఒప్పుకున్న క్షణమే నాతాను ప్రవక్త క్షమాపణ ప్రకటించాడు, అయినా ఆ పాపం వల్ల కలిగిన నష్టం ఆ ఇంటిని వదల్లేదు. ఇలాంటి విషయం నా దగ్గరకొస్తే నేను ముందు అడిగేది దెబ్బ తిన్న మనిషి ఇప్పుడు ఎక్కడుంది, క్షేమంగా ఉందా అని. ఒప్పుకోవడానికి వచ్చినతనితో ప్రార్థన ఆ తర్వాతే.