టికెట్ మీద సమయం ఉంది, ఛార్జీలో లేదు

ఉదయం తొమ్మిదికి పది నిమిషాల ముందు విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఆగే సిటీ బస్సుల్లో ఫుట్‌బోర్డు మీద కూడా చోటుండదు. మధ్యాహ్నం రెండింటికి అవే బస్సులు సగం ఖాళీగా వెళ్తాయి. కండక్టర్ చేతిలోని టికెట్ల యంత్రం (టిమ్) ప్రతి టికెట్ మీదా తేదీతో పాటు సమయాన్నీ అచ్చువేస్తుంది. డబ్బు మాత్రం ఏ వేళైనా స్టేజీల లెక్కే.

వేళను బట్టి ఛార్జీ ఉండాలన్న వాదనకు డెబ్బై ఏళ్లు దాటాయి. 1950ల మొదట్లో న్యూయార్క్ సబ్‌వే ఛార్జీలను పరిశీలించిన ఆర్థికవేత్త విలియం విక్రీ, రద్దీ వేళ ఎక్కువ, మిగతా వేళల్లో తక్కువ తీసుకోమన్నారు. రైళ్లు, సిబ్బంది ఎన్ని కావాలో తేల్చేది ఆ కొద్ది గంటల జనమే కదా! న్యూయార్క్ వినలేదు. 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు. మూడు రోజులకే కన్నుమూశారు.

సింగపూర్ 2013 జూన్‌లో ఇంకా ముందుకు వెళ్లింది. పనిదినాల్లో ఉదయం 7.45 లోపు నగరం నడిబొడ్డున ఉన్న ఎంపిక చేసిన స్టేషన్లలో దిగితే రైలు ప్రయాణం ఉచితమంది. రద్దీ వేళ వచ్చేవారిలో ప్రయాణాన్ని ముందుకు జరుపుకున్నది సుమారు 7 శాతం మంది. కిక్కిరిసిన పెట్టెలో అది మంచి ఊరటే. అయినా డబ్బంతా మిగులుతున్నా తక్కినవారు కదల్లేదు. పిల్లలకు క్యారేజీ కట్టి, బడికి పంపి బయలుదేరే తల్లికి పొద్దున్న ఏడు గంటల వేళ తన చేతిలో ఉండదు. ఢిల్లీ మెట్రో 2017లో రద్దీ లేని వేళల్లో స్మార్ట్‌కార్డుకు అదనంగా 10 శాతం రాయితీ ఇచ్చింది. ఆ వేళల్లో ప్రయాణించగలిగేది ఎవరన్న ప్రశ్న అక్కడా ఉంది.

మన ఆర్టీసీకీ ఈ పద్ధతి పూర్తిగా కొత్త కాదు. పండగ స్పెషల్ బస్సులకు ఒకటిన్నర రెట్లు తీసుకున్న సంవత్సరాలున్నాయి. తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా రావాల్సి వస్తుందన్నది కారణం. అది రోజును బట్టి ధర, గంటను బట్టి కాదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక సిటీ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. నేను దాన్ని మనసారా సమర్థిస్తాను. కానీ ఛార్జీయే లేని చోట రాయితీ చూపి వేళ మార్పించలేం. ఇక మిగిలింది ట్రిప్పులు పెంచడం, కాలేజీల వేళలను సర్దడం. బందరు రోడ్డు మీద పక్కపక్క స్టాపుల్లోని రెండు కాలేజీలు అరగంట తేడాతో మొదలైతే, మొదటి కాలేజీ పిల్లలను దింపిన బస్సే రెండో కాలేజీ పిల్లల కోసం మళ్లీ రాగలదు.