లంగరు మోటారు 'టక్' మని ఊరుకుంటే

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. అక్కడ ఆక్లాండ్‌లో మీకు వేసవి సెలవులు, ఇక్కడ కోనసీమలో సంక్రాంతి చలి. వాయిహెకీ దీవి దగ్గర మీ పడవ లంగరు చక్కగా దిగిందట. ఎత్తబోతే మాత్రం బటన్ నొక్కగానే లోపలెక్కడో 'టక్' మని, గొలుసు జానెడు వచ్చి ఆగిపోయిందట. బ్యాటరీ దగ్గర మీటరు 12.6 వోల్టులు నిండుగా చూపిస్తుంటే మోటారు ఎందుకు లాగడం లేదని అడిగారు. చాలా మంచి ప్రశ్న. కొత్త మోటారు కొందామంటున్న మీ నాన్నని కాస్త ఆగమనండి.

దిగడంలో వింతేమీ లేదు, లంగరు తన బరువుతోనే దిగుతుంది. ఎత్తేటప్పుడే మోటారుకు పని. 1000 వాట్ల విండ్‌లాస్ (లంగరు గొలుసును లాగే మోటారు యంత్రం) అయితే 12 తో భాగించండి, సుమారు 83 ఆంపియర్లు. మన ఇంట్లో సీలింగ్ ఫ్యానుకు ఒక ఆంపియరులో మూడో వంతు చాలు. అంత కరెంటు పడవ వెనక ఉన్న బ్యాటరీ నుంచి ముక్కు దాకా పోవాలి, మళ్ళీ వెనక్కి రావాలి.

మీరు వేసవికి వచ్చినప్పుడు చూశారు కదా, మన కాలువ. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తి నీళ్ళు వదులుతారు. 1852లో ఆనకట్ట కట్టిన నాటి నుంచీ శివారు రైతు అడిగేది ఒకటే, 'అక్కడ నిండుగా ఉన్న నీళ్ళు నా చేలోకి ఎందుకు రావు?' అని. మీ పడవలో బ్యాటరీ ధవళేశ్వరం, మోటారు శివారు చేను. తూములన్నీ మూసి ఉంచితే కాలువ పొడుగునా నీళ్ళు ఒకే మట్టంలో నిలబడతాయి. నడుమ గుర్రపుడెక్క ఎంత పేరుకున్నా పైకి తెలియదు. తూము ఎత్తి నీళ్ళు పారడం మొదలయ్యాకే డెక్కకు ఎగువన మట్టం ఎక్కువగా, దిగువన తక్కువగా కనిపిస్తుంది. మీరు చూసిన 12.6 తూములు మూసి ఉన్నప్పటి మట్టం. బటన్ నొక్కి, మోటారు లాగుతుండగా కొలిచిందే అసలు లెక్క.

గుర్రపుడెక్క ఎంత పని చేస్తుందో చూడండి. ఒక లగ్గు (తీగ చివర బిగించే లోహపు కొస) ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి, అక్కడ ఓములో యాభయ్యో వంతు అడ్డు, అంటే 0.02 ఓము, వచ్చిందనుకోండి. 80 ఆంపియర్లు పారితే 1.6 వోల్టులు అక్కడే పోతాయి. పోయిన శక్తి 128 వాట్లు, అదంతా వేడిగా మారుతుంది. అందుకే మోటారు నాలుగు సార్లు ప్రయత్నించాక, మెయిన్ స్విచ్ ఆపి, వేలి వెనక వైపుతో ఒక్కో కనెక్షన్‌నీ జాగ్రత్తగా తాకి చూస్తే, మిగతావాటి కన్నా వేడిగా ఉన్నదే దొంగ అని చాలాసార్లు తేలిపోతుంది.

కాలువ వెడల్పు కూడా ముఖ్యమే. బ్యాటరీ నుంచి ముక్కుకు 10 మీటర్లయితే రానూ పోనూ 20. అంత పొడుగుకు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే 80 ఆంపియర్ల దగ్గర ఒకటీ ముప్పావు వోల్టు తీగలోనే పోతుంది. 35 వేస్తే 0.8, 70 వేస్తే 0.4. నెగటివ్ తీగను అందరూ మరిచిపోతారు. చేలోకి నీళ్ళు రావడం ఎంత ముఖ్యమో, మురుగు కాలువ పారడం కూడా అంతే ముఖ్యమని డెల్టా రైతుకు చెప్పక్కర్లేదు.

మా చిన్నప్పుడు లస్కరు గట్టు వెంట నడుచుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా మట్టం చూసుకుంటూ పోయేవాడు. మీరూ అలాగే నడవండి. ఇంజను ఆన్ చేసి, నీళ్ళలో కొన్ని మీటర్ల గొలుసు వేలాడుతుండగా, నాన్న బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కాలి. మీటరు డీసీ 20 వోల్టుల మీద ఉండాలి. ముందు బ్యాటరీ సీసపు పోస్టుల మీద, తర్వాత మోటారు టెర్మినళ్ళ మీద కొలవండి. బ్యాటరీ దగ్గరే 11 కిందకు పడిపోతే బ్యాటరీ నీరసించింది, ముందు దాన్ని చూసుకోవాలి. బ్యాటరీ బాగానే ఉండి మోటారు దగ్గర 10.5 కన్నా తక్కువైతే దారిలో అడ్డుంది. అప్పుడు మీటరు తీగల చివర ఉండే ఒక ముల్లును బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీదే ఉంచి, రెండోదాన్ని ఒక్కో మజిలీకి జరపండి: లగ్గు, బ్రేకర్‌కు ఇటు, అటు, సోలనాయిడ్‌కు (బటన్ నొక్కగానే 'టక్' మని మోటారుకు కరెంటు కలిపే స్విచ్) ఇటు, అటు, మోటారు. రెండో ముల్లుకు పొడుగాటి సన్నతీగ కట్టుకోవచ్చు, మీటరు గుండా పారేది లేశమే కాబట్టి సన్నదైనా పరవాలేదు. బటన్ నొక్కి ఉండగా అంకె ఏ రెండు మజిలీల మధ్య ఒక్కసారిగా పెరిగిందో, డెక్క అక్కడుంది. ఒక జాయింటులో అర వోల్టు పోయిందంటే దాన్ని విప్పాల్సిందే. నెగటివ్ వైపు కూడా ఇలాగే.

విప్పడం నాన్న పని. మెయిన్ స్విచ్ ఆపాలి, బ్యాటరీ నెగటివ్ ముందు తియ్యాలి, చేతికి ఉంగరం, గాజులు ఉండకూడదు. 12 వోల్టులు షాక్ కొట్టవు గానీ, రెండు పోస్టుల మధ్య అడ్డం పడిన స్పానర్ ఎర్రగా కాలుతుంది. లగ్గు పక్కన తొడుగు కొంచెం కోసి చూడండి. రాగి పోగులు నల్లబడి ఉంటే పైపైన తోమి లాభం లేదు, మంచి రాగి కనిపించే దాకా కోసి కొత్త లగ్గు వెయ్యాలి. తోమి, గట్టిగా బిగించాక పైన వాసెలిన్ రాయండి, బిగించక ముందు కాదు.

చెవి కూడా మంచి పరికరమే. అసలు 'టక్' మనకపోతే లోపం లావు తీగల్లో కాదు. బ్రేకర్ పడిపోయి ఉండాలి, లేదా కాలితో నొక్కే స్విచ్ రబ్బరు పగిలి లోపల తడి చేరి ఉండాలి, లేదా సోలనాయిడ్‌కు పోయే సన్నతీగ ఫ్యూజు పోయి ఉండాలి. 'టక్' మని ఆగిపోతే పైన చెప్పిన దారంతా వెతకాలి. తీగలన్నీ బాగుంటే మోటారు ఒంటిని చెక్కపిడితో మెల్లగా తట్టి చూడాలి; తిరిగిందా, కార్బన్ బ్రష్షులు అరిగాయో ఇరుక్కున్నాయో అన్నమాట. మోటారు గిర్రున తిరుగుతూ గొలుసు కదలకపోతే క్లచ్ వదులైంది, హ్యాండిల్‌తో బిగించండి. గొలుసు పళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంటే గొలుసు సైజు చక్రానికి సరిపోలేదు, లేదా అరిగింది. బటన్ వదిలినా ఆగకుండా తిరుగుతుంటే సోలనాయిడ్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి, ఆ క్షణమే మెయిన్ స్విచ్ ఆపాలి. అది ఎక్కడుందో మీరిద్దరూ ఇవాళే చూసి పెట్టుకోండి.

బ్రేకర్ మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని తిట్టకండి, పెద్దది పెట్టమని నాన్నతో అనకండి. అది తీగను కాపాడుతోంది. 10 మీటర్ల లోతులో 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు 1.4 కిలోల చొప్పున 14 కిలోలు, లంగరు 15 కిలోలు, మొత్తం 29. నీళ్ళలో ఇంకాస్త తేలిక. ఇది ఏ విండ్‌లాస్‌కైనా చిన్న బరువే. మరి బ్రేకర్ ఎందుకు పడుతుంది? చాలామంది గాలిలో పడవనంతటినీ ఆ మోటారుతో లంగరు దాకా లాగిస్తారు. ఇంజనుతో మెల్లగా ముందుకు పోవాలి, గొలుసు వదులైనప్పుడు మోటారు దాన్ని పోగు చెయ్యాలి. అడుగున లంగరు పట్టేస్తే గొలుసును స్టాపర్‌కు (గొలుసును పట్టి ఆపే కొక్కెం) తగిలించి ఇంజనుతో పెకలించాలి. లోపల గొలుసు గుట్టగా పేరుకుని దారి మూసుకుపోయినా బ్రేకర్ పడుతుంది, ఒకరు గుట్టను చదును చేస్తుండాలి. చెయ్యి పెట్టే ముందు నొక్కేవాడు 'ఆపాను' అని గట్టిగా చెప్పాలి. జడలు, చున్నీ చివరలు, వేళ్ళు చక్రానికి దూరం.

కొత్త మోటారు మాట ఇదంతా అయ్యాకే. ఈ ఆదివారం పడవకు వెళ్ళినప్పుడు గేర్‌బాక్స్ నూనె కూడా చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి, సీలు మార్చాలి. గొలుసు చివరి కొస పడవకు ఎలా కట్టి ఉందో కూడా చూడండి. ఇనప బోల్టుతో బిగించి ఉంటే విప్పించి, బలమైన తాడుతో కట్టించండి. ఆపదలో గొలుసు వదిలేయాల్సి వస్తే తాడును కత్తితో కొయ్యొచ్చు. ఆ తాడు డెక్ మీదకు వచ్చేంత పొడుగు ఉండాలి. ఏ మజిలీ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో వరసగా రాసి పంపండి, నేనూ చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య