రొయ్యల సుంకం: 2005లో పడ్డ ముడి

2025 ఆగస్టు 27న అమెరికా రేవుల్లో మన రొయ్య మీద పడిన సుంకం మొత్తం 58.26 శాతం. అందులో 50 శాతం సంగతి అందరికీ తెలిసిందే. సగం ప్రతీకార సుంకం, సగం రష్యా చమురు కొంటున్నందుకు జరిమానా. మిగిలిన 8.26 శాతం గురించి టీవీ చర్చల్లో ఎవరూ మాట్లాడలేదు. అందులో 5.77 శాతం మన ప్రభుత్వం ఇచ్చే రాయితీలకు విరుగుడుగా 2024లో వేసింది. 2.49 శాతం మాత్రం ఇరవై ఏళ్ళ నాటి యాంటీ డంపింగ్ సుంకం, అంటే సరుకు మరీ చౌకగా తెచ్చి కుమ్మరిస్తున్నారని వేసేది. అంకె చిన్నదే. కానీ ఆ రోజుల్లో భీమవరం చెరువు గట్టు మీద కనపడిన టెన్షన్‌కు మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

1990ల నాటి తెల్లమచ్చ వైరస్, రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, అప్పట్లో పెంచిన టైగర్ రొయ్య దెబ్బతినడం గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళు లేరు. అవి పక్కన పెట్టి నేరుగా 2003 డిసెంబరు 31కి వెళ్దాం. అమెరికా దక్షిణ తీరంలో పడవల మీద రొయ్యలు పట్టేవాళ్ళ కూటమి ఆ రోజు ఆరు దేశాల మీద ఫిర్యాదు చేసింది. బ్రెజిల్, చైనా, ఈక్వెడార్, థాయ్‌లాండ్, వియత్నాంతో పాటు మన దేశం కూడా ఉంది. చెరువు రొయ్య చౌకగా వచ్చిపడటంతో తమ బతుకు పోతోందన్నది వాళ్ళ గోడు. 2005 ఫిబ్రవరిలో ఉత్తర్వులు వచ్చాయి. విడిగా లెక్క కట్టని మన ఎగుమతిదారులందరికీ వేసిన రేటు 10.17 శాతం.

ఆ రేటు ఎలా కట్టారో చూడాలి. డంపింగ్ అంటే సొంత దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు బయట అమ్మడం. మన ఎగుమతి రొయ్యకు ఇక్కడ చెప్పుకోదగ్గ మార్కెట్ లేదు. అలాంటప్పుడు ఇంకో దేశానికి అమ్మిన ధరతోనో, ఖర్చు లెక్కతోనో పోలుస్తారు. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ఉదాహరణకు 100 కౌంట్ రొయ్య (కిలోకు వంద తూగే చిన్నది) కిలోకు పది రూపాయలు తక్కువకు అమ్మారు, 30 కౌంట్ పది రూపాయలు ఎక్కువకు అమ్మారు అనుకుందాం. మన చెరువు లెక్కలో రెండూ చెల్లుకు చెల్లు. అమెరికా లెక్కలో తక్కువకు అమ్మిన పది అలాగే ఉంటుంది, ఎక్కువకు అమ్మిన పది సున్నా అయిపోతుంది. దీన్నే జీరోయింగ్ అంటారు. ఇలా లెక్క కడితే డంపింగ్ కనపడకుండా ఉండటం కష్టం.

ఈక్వెడార్ చిన్న దేశం. ప్రభుత్వమే పూనుకుని ఈ ఒక్క పద్ధతి మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళింది. అమెరికా గట్టిగా వాదించను కూడా లేదు. 2007 జనవరిలో తీర్పు వచ్చింది, ఆగస్టుకల్లా ఈక్వెడార్ రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకమే ఎత్తేశారు.

మనం కూడా కేసు వేశాం. కాకపోతే వేరే విషయం మీద. సుంకానికి తోడు, ఏడాది దిగుమతుల మీద పడే సుంకమంతటికీ సరిపడా పూచీకత్తు బాండు ముందే పెట్టాలని అమెరికా కస్టమ్స్ షరతు విధించింది. ఎగుమతిదారుల పెట్టుబడి అక్కడ ఇరుక్కుపోయింది. ఆ బాండు మీద మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో పోరాడి 2008లో గెలిచింది. అదే సమయంలో, అదే ప్యానెల్ ముందు, థాయ్‌లాండ్ కేసు కూడా నడిచింది. థాయ్‌లాండ్ తన ఫిర్యాదులో బాండుతో పాటు జీరోయింగ్‌నూ పెట్టింది, దాని మీదా గెలిచింది. మన ఫిర్యాదులో జీరోయింగ్ లేదు.

మన రేటు ఈక్వెడార్ రేటు కన్నా బాగా ఎక్కువ కాబట్టి, ఆ వాదన గెలిచినా సుంకం పూర్తిగా పోయేదని నేను చెప్పను. థాయ్‌లాండ్‌కు కూడా రేటు కాస్త తగ్గిందంతే. కానీ మనం తలుపు తట్టనేలేదు. ఎగుమతిదారుల వైపు నుంచి చెప్పే మాట ఒకటుంది. ఏటా జరిగే సమీక్షల్లో రేటు దిగుతూ కొన్నేళ్ళు ఒకటి రెండు శాతానికి వచ్చింది, లాయర్ల ఖర్చు పెట్టుకుని పోరాడటం దేనికి అని. బాండు నొప్పి ఎగుమతిదారుది, అది తీరింది. సుంకం బరువు చివరికి కౌంట్ ధరలో కోతగా రైతు మీదకు దిగింది. రైతు తరఫున వాదించే కుర్చీ ఆ గదిలో లేదు.

తర్వాత కథ వేగంగా నడిచింది. 2009లో వనామి అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో చెన్నై క్వారంటైన్ కేంద్రానికి, అక్కడి నుంచి మన హేచరీలకు వస్తాయి. వాటి పిల్లలు చెరువుల్లో పెరిగి, ఐసు పెట్టెల్లో తిరిగి అమెరికాకే పోతాయి. 2012, 2013లో థాయ్ చెరువులు కొత్త రోగంతో ఖాళీ అయితే ఆ చోటును మనం ఆక్రమించాం. 2012 చివర్లో రాయితీల మీద ఇంకో ఫిర్యాదు వచ్చి, 2013లో అమెరికా వాణిజ్య కమిషన్ ఓటుతో వీగిపోయింది. ఊపిరి పీల్చుకున్నాం. వేరే మార్కెట్లు గట్టి చేసుకోవడానికి దొరికిన పదేళ్ళు అలాగే గడిచాయి. యూరప్ మన సరుకులో సగాన్ని యాంటీబయాటిక్స్ కోసం పరీక్షిస్తుంటే, ఆ తలనొప్పి ఎందుకని అమెరికా వైపే మొగ్గాం. 2024–25లో మన దేశం 7.41 లక్షల టన్నుల రొయ్య అమ్మితే, అందులో 3.11 లక్షల టన్నులు ఆ ఒక్క దేశానికే.

అందుకే 2025 ఏప్రిల్ 2న వాషింగ్టన్‌లో 26 శాతం అని ప్రకటించగానే ఇక్కడ కొనుగోలు ధరలు పడిపోయాయి. వారం తిరిగేలోగా ఆ ప్రకటన వాయిదా పడింది. సముద్రంలో ఉన్న కంటైనర్లకు సుంకం తామే కట్టుకోవాలని ఎగుమతిదారులు అన్నారు. అది నిజమే. అయితే చెరువులో మేత తింటున్న రొయ్య ఆ కంటైనర్లలో లేదు. ధర కోత మాత్రం దానికీ పడింది. ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్‌కు లేఖ రాసింది ఆ రోజుల్లోనే.

ఆగస్టు 7న ప్రధాని, రైతులు, పాడి రైతులు, మత్స్యకారుల ప్రయోజనాల విషయంలో రాజీ లేదన్నారు. అమెరికా అడిగింది మొక్కజొన్న, సోయా, పాల ఉత్పత్తులకు మన మార్కెట్. వాటిని కాపాడటం తప్పని ఎవరూ అనలేరు. కానీ ఆ గోడ నిలబెట్టినందుకు దెబ్బ తిన్నవాళ్ళలో వనామి రైతు ముందున్నాడు. చమురు కొన్నది రిఫైనరీలు. జరిమానా కట్టింది రొయ్య. ఈక్వెడార్‌కు అప్పుడు పడిన కొత్త సుంకం 15 శాతం. 2024 రాయితీల సుంకం దానికీ పడింది గానీ మనకన్నా తక్కువే.

2025 జూలైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం ప్రకారం అక్కడ రొయ్య మీద సుంకం సున్నా. మంచిదే, కానీ అమెరికా తినేంత బ్రిటన్ తినదు. ఆ 50 శాతం మొత్తం పోయినా, 2005 నాటి ఉత్తర్వు మన మీద ఉంటుంది. 2023లో దాన్ని ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. మళ్ళీ సమీక్షకు వచ్చేది 2028లో.