రొమ్ము క్యాన్సర్: ముప్పు లెక్క ఎక్కడ మొదలైంది

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో క్యాన్సర్ అనగానే గుర్తొచ్చేది అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మల అంగిట్లో పుట్టే పుండు. దాని కారణం కళ్లెదుటే ఉంది, చుట్ట నిప్పు. రొమ్ము క్యాన్సర్‌కు అలా వేలెత్తి చూపే కారణం ఒక్కటి లేదు. అందుకే దెబ్బ తగిలి వచ్చిందనుకుంటారు. దెబ్బ వల్ల రాదు. నొప్పికి తడుముకున్నప్పుడు, అప్పటికే ఉన్న గడ్డ చేతికి దొరుకుతుంది.

ఈ జబ్బు ముప్పు దేనివల్లో చెప్పే మొదటి ఆనవాలు ఇటలీలో దొరికింది. పెళ్లి, కాన్పులు లేని క్రైస్తవ సన్యాసినుల్లో ఈ జబ్బు ఎక్కువని 1700ల తొలినాళ్లలో రమజ్జినీ అనే వైద్యుడు రాశాడు. 1926లో బ్రిటన్‌లో జానెట్ లేన్-క్లేపాన్ 500 మంది రోగులనూ, జబ్బు లేని 500 మందినీ పోల్చి చూసింది. ఆలస్యపు పెళ్లి, తక్కువ కాన్పులు, తక్కువకాలం పాలివ్వడం రోగుల్లో ఎక్కువగా కనిపించాయి. 2002లో 30 దేశాల 47 అధ్యయనాలను కలిపి చూస్తే లెక్క తేలింది: ఒక్కో కాన్పుకు ముప్పు 7 శాతం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు మరో 4.3 శాతం తగ్గుతుంది. ఇద్దరు బిడ్డలకు రెండేసి ఏళ్లు పాలిచ్చిన తల్లికి పాల వల్లే దాదాపు 16 శాతం తగ్గినట్టు.

ఈ లెక్క చూపి ఆడపిల్ల చదువు మాన్పించి పెళ్లి చేస్తామంటే అది ఘోరమైన తప్పు. చిన్న వయసు కాన్పు తల్లికే ప్రాణగండం. పైగా కాన్పయిన కొన్నేళ్లు ఈ ముప్పు కాస్త పెరిగి, ఆ తర్వాతే తగ్గుతుంది. మన చేతిలో ఉన్నవి వేరు: బిడ్డకు పాలు మాన్పించే తొందర వద్దు. ముట్లుడిగాక ఒళ్లు పెరగనివ్వకూడదు, అప్పుడు ఈ ముప్పు పెంచే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఎక్కువగా కొవ్వులోనే తయారవుతుంది. కల్లయినా సారా అయినా ముప్పు పెంచేదే. ముట్లుడిగినవాళ్లకిచ్చే హార్మోన్ మాత్రలను డాక్టరును అడగకుండా ఏళ్ల తరబడి మింగకూడదు.

లోపం ఉంటే ఈ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యువులు 1994, 1995లలో బయటపడ్డాయి. నూటికి 5 నుంచి 10 కేసులు వంశపారంపర్యం. అమ్మ వైపే చూసి ఊరుకుంటారు గానీ, మేనత్తకు, నాన్నమ్మకు వచ్చినా లెక్కే.

ఇంత చెప్పినా, రోగుల్లో సగం మందికి ఆడవాళ్లు కావడం, వయసు పెరగడం తప్ప చెప్పుకోదగ్గ కారణమేదీ కనిపించదు. కాబట్టి చెయ్యి పెట్టి చూడాల్సిందే. ముంబయిలో 1998 నుంచి లక్షన్నర మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి రొమ్ము పరీక్షించారు. 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ప్రభుత్వ పథకంలో 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష ఉంది. ఆశా కార్యకర్తను అడగండి.

ఇక్కడ ఆలస్యానికి అసలు కారణం నొప్పి లేకపోవడం. మొదట్లో గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు. పసరు కట్టు, నూనె మర్దనలతో నెలలు గడిచిపోతాయి. బాలింత గడ్డయితే పాలు గడ్డకట్టాయంటారు. రెండు వారాల్లో కరగకపోతే చూపించాలి. చర్మం గుంటపడినా, చనుమొన లోపలికి లాగినా, నెత్తురు కారినా ఆగకూడదు. సూది పరీక్ష (బయాప్సీ) చేస్తే జబ్బు పాకుతుందన్నది వట్టి భయం.

వైద్యానికి కటక్ వెళ్లాలా, విశాఖ వెళ్లాలా అన్నది సరిహద్దు ఇళ్లలో మరో తంటా. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఒడిశా నివాసులకు వర్తించదు. బయల్దేరే ముందే మీ ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఆసుపత్రి మారితే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. బయాప్సీ మైనపు బ్లాకు (గడ్డ ముక్కను దాచి ఉంచిన మైనం), స్లైడులు కూడా అడిగి తీసుకోండి. అవి లేకపోతే మళ్లీ సూది గుచ్చాల్సి రావచ్చు, వారాలు పోతాయి.