సంత ఊరు మార్కెట్ డ్రేటన్

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

చరిత్ర పాఠంలో ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ పేరు చదివి, అతడిది ఏ ఊరని అడిగారు. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో టెర్న్ నది ఒడ్డున మార్కెట్ డ్రేటన్ అనే చిన్న ఊరుంది. 1725లో దాని పక్కనే ఉన్న స్టైచ్‌లో అతడు పుట్టాడు. అయితే ఆ ఊరికి క్లైవ్ కంటే సంత పాతది, కనుక ముందు దాని సంగతి చెబుతాను.

ఆ రోజుల్లో సంత పెట్టాలంటే రాజుగారి అనుమతి పత్రం ఉండాలి, ఎందుకంటే అమ్మేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసుకునే హక్కు ఎవరిదో ఆ పత్రమే తేలుస్తుంది. 1245లో మూడవ హెన్రీ ఇచ్చిన అనుమతితో నిలబడిన ఆ బుధవారం సంత ఈనాటికీ జరుగుతోంది. 1651లో పెద్ద అగ్నిప్రమాదం ఊరిని చాలావరకు కాల్చేసినా సంత మాత్రం ఆగిపోలేదు. 1842లో రాతి స్తంభాల మీద కప్పు వేసి, నాలుగువైపులా తెరిచి కట్టిన బటర్ క్రాస్ మండపం నేటికీ ఉంది. చుట్టుపక్కల రైతుల ఇళ్ల ఆడవాళ్లు వెన్న తెచ్చి దాని నీడలో అమ్ముకునేవారు.

ఆ ఊరి పేరు చెబితే తిండి ఇష్టపడేవాళ్లకు జింజర్‌బ్రెడ్ గుర్తుకొస్తుంది. శొంఠిపొడి ఘాటు తగిలే ఆ బిస్కట్టును వేలి పొడవున చేస్తారు. మనం టీలో రస్కు ముంచుకున్నట్టు, పెద్దవాళ్లు దాన్ని పోర్ట్ అనే ద్రాక్షసారాయిలో ముంచుకుని తినేవారు. మీకైతే పాలు చాలు. ఊరి పక్క కాలువ మీద టిర్లీ దగ్గర పడవలను ఎత్తుపల్లాలు దాటించే ఐదు లాకులున్నాయి. గోదావరి కాలువల లాకులు చూసినవాళ్లకు అవి ఎలా పనిచేస్తాయో నేను చెప్పనక్కరలేదు.

ఇక క్లైవ్. చిన్నప్పుడు సెయింట్ మేరీ చర్చి గోపురం ఎక్కి, అంచున ఉన్న రాతిబొమ్మ మీద కూర్చున్నాడని, అల్లరిమూకను పోగేసి దుకాణదారుల దగ్గర మామూళ్లు గుంజాడని ఊళ్లో కథలు చెప్పుకుంటారు. ఇవి ఎంతవరకు నిజమోగానీ, తరువాతి జీవితం చూస్తే మామూళ్ల కథ నాకు నమ్మబుద్ధవుతుంది. 1758లో అతడు బెంగాల్ నుంచి పంపిన సేన మన పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించింది. 1765లో మొగలు చక్రవర్తి రెండవ షా ఆలం దగ్గర మన కోస్తాలోని ఉత్తర సర్కారులను కంపెనీకి ఇచ్చే ఫర్మానా, అంటే రాజాజ్ఞ పత్రం, సంపాదించినది కూడా అతడే. సంత సుంకం ఎవరిదో ఆ ఊళ్లో ఒక కాగితం తేల్చినట్టే, మన కోస్తా శిస్తు ఎవరికి చేరాలో ఈ కాగితం తేల్చింది.

1774లో చనిపోయిన క్లైవ్‌ను మార్కెట్ డ్రేటన్ దగ్గరి మోర్టన్ సే చర్చిలో ఖననం చేశారు. సమాధి సరిగ్గా ఏ చోట ఉందో తెలిపే గుర్తు మాత్రం పెట్టలేదు.

ఇట్లు,
మీ తాతయ్య