ఫాదర్ల బడిలో చేర్పిస్తే కులం మారిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బడులు తెరిచేది జూన్ 12న. మాకు మాత్రం మే నెల నుంచే ఫోన్లు మొదలవుతాయి. ఒకటో తరగతికి టీచరు ఉన్నారా, మూడో తరగతి పిల్లలు తడబడకుండా చదువుతున్నారా, మరుగుదొడ్డిలో నీళ్లు వస్తాయా అని అడిగేవారు అరుదు. అడగవలసినవి అవే. ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగేది ఒక్కటే: "మేడం, మీ బడిలో వేస్తే మా పాపకు ఎస్సీ పోతుందట కదా?"

నేను నెల్లూరు జిల్లాలో, సముద్రానికి దగ్గర్లోని ఒక మండలంలో, ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం పొందే) ఆర్.సి.ఎం., అంటే రోమన్ కతోలిక మిషన్, ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిని. కతోలికురాలిని కూడా. మా నాన్న విచారణలో (మా గుడి పరిధిని, అంటే పారిష్‌ను, అలా అంటాం) ఉపదేశిగా, మత పాఠాలు చెప్పేవారిగా పనిచేశారు. కాబట్టి గుడి (చర్చి) సంగతీ, బడి సంగతీ రెండూ లోపలి నుంచే చెబుతున్నాను.

అపోహ: ఆర్.సి.ఎం. బడిలో చదివితే ఎస్సీ పిల్లలు బీసీ-సి అయిపోతారు.

అవరు. ఏ బడికీ ఆ అధికారం లేదు. కుల ధ్రువీకరణ పత్రం ఇచ్చేది తహసీల్దారు. దానికోసం మన రాష్ట్రంలో 1993లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. మా అడ్మిషన్ రిజిస్టరులో కులం, మతం గడుల్లో మేము రాసేది తల్లిదండ్రులు చెప్పిన మాట, అంతే.

భయం గాలిలోంచి పుట్టలేదని నాకూ తెలుసు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని ఎస్సీలుగా పరిగణించరాదని అది చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలూ, వారి సంతానమూ బీసీ-సి కిందికి వస్తారు. ఎస్సీలకు రిజర్వేషను 15 శాతం, బీసీ-సికి 1 శాతం. తేడా ఇంత ఉన్నప్పుడు ఏ తల్లికైనా గుండె దడ పుట్టదా? 2025లో హైకోర్టు ఒక పాస్టరు కేసులో మతం మారినవారికి ఎస్సీ హోదా ఉండదని చెప్పిన తర్వాత మా ఫోను మరీ ఎక్కువగా మోగింది.

కానీ ఆ ఉత్తర్వూ ఆ తీర్పూ మాట్లాడేది ఒక మనిషి ఏ మతాన్ని అవలంబిస్తున్నాడన్న దాని గురించి. ఏ బడిలో పలక పట్టాడన్న దాని గురించి కాదు. బడిని బట్టి మతం తేల్చేటట్లయితే నెల్లూరు సంతపేటలో కతోలిక బడులకు వెళ్లి పైకొచ్చిన డాక్టర్లు, ప్లీడర్లు, బియ్యం వ్యాపారులు అందరూ ఈపాటికి ఆదివారం పూజలో మోకరిల్లుతూ ఉండాలి.

పుకారు ఖరీదు ఎంతో చెబుతాను. ఒక పాప. తండ్రి రొయ్యల గుంటల దగ్గర కాపలా. రెండో తరగతి, ఒత్తులు పట్టుబడుతున్న సమయం. దసరా సెలవుల తర్వాత రాలేదు. విచారిస్తే, టీ కొట్టు దగ్గర ఎవరో తండ్రికి కులం పోతుందని చెప్పారట, పాపను అవ్వగారి ఊరికి పంపేశారట. రికార్డు షీటు (బడి మారేటప్పుడు మేమిచ్చే పత్రం) కూడా తీసుకెళ్లలేదు. మా బడి పేరున్న కాగితం ఇంట్లో ఉన్నా ప్రమాదమేనని! ఆ ఊళ్లో పాప బడికి వెళ్లింది తక్కువ, మేకల వెంట తిరిగింది ఎక్కువ. మరుసటి ఏడాది తల్లే వెనక్కి తీసుకొచ్చింది. పలక మీద "చెట్టు" రాయమన్నాను. "చెటు" అని రాసి, కింద ఇంకేదో ఉండాలని తెలిసి, ఆ చోట బలపం ఆనించి నా ముఖం వైపు చూసింది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలని నిపుణ్ భారత్ అనే కార్యక్రమం పెట్టుకుని దేశమంతా తిరుగుతున్నాం. ఇక్కడ ఒక టీ కొట్టు మాట ఒక పిల్ల రెండో తరగతిని మింగేసింది.

ఇంతకంటే ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటి ఉంది. అది మొదటి దానికి తలకిందులు.

అపోహ: "క్రిస్టియన్" అని రాయిస్తే సీటు ఖాయం, ఫీజు తగ్గుతుంది.

ఇది ఎవరు పుట్టించారో కానీ వారికి నమస్కారం. జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేదు, చర్చి మెట్లు ఎక్కింది లేదు. ఏటా జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కు తీర్చుకునే కుటుంబం. బల్ల ముందు కూర్చుని "మతం?" అని అడగ్గానే భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుంటారు. "క్రిస్టియన్ అనే రాసుకోండి మేడం, మీకు కూడా బాగుంటుంది కదా" అంటారు. మాకు బాగుండడానికి ఏమీ లేదమ్మా. ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థ మతం కారణంగానో కులం కారణంగానో సీటు నిరాకరించకూడదని రాజ్యాంగం 29(2) అధికరణం చెబుతోంది. మా బడి ఎయిడెడ్. కాబట్టి ఆ గడిలో మీరు ఏమి రాయించినా మీ బిడ్డ సీటు మీ బిడ్డదే.

ఆ రిజిస్టరు ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. అట్ట మూలలు నలిగిన పెద్ద పుస్తకం. వరుస సంఖ్య, పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ ఒకసారి అంకెల్లో, మళ్లీ అక్షరాల్లో, మతం, కులం, మాతృభాష, పుట్టుమచ్చలు. "ఎడమ మోచేతి మీద మచ్చ" అని రాయడానికి తల్లులు పిల్లాడి చొక్కా విప్పి మరీ వెతుకుతారు. పక్క గడిలో మతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి రాయండి" అంటారు. మచ్చ మీద ఉన్న శ్రద్ధ అక్కడ ఉండదు. మచ్చ తప్పు పడితే కొంప మునగదు, మతం తప్పు పడితే మునుగుతుంది. ఇక్కడ రాసిందే ఐదో తరగతి రికార్డు షీటులోకి, అక్కడి నుంచి హైస్కూలు టీసీలోకి, ఆన్‌లైన్ వివరాల్లోకి పాకుతూ పోతుంది. దిద్దాలంటే ఆధారాలు కావాలి, పై అధికారి అనుమతి కావాలి. పదో తరగతి పరీక్షలకు పిల్లల వివరాల జాబితా (నామినల్ రోల్స్) వెళ్లిపోయాక ఆ తిప్పలు చెప్పనలవి కాదు.

మా బడిలో చదివిన ఒక అబ్బాయి డిగ్రీలో చేరే వేళ కుల ధ్రువీకరణకు దరఖాస్తు చేశాడు. ఎంక్వైరీకి వచ్చిన సిబ్బంది రికార్డు షీటు చూశారు. అందులో మతం గడిలో క్రైస్తవం అని ఉంది. ఆ కుటుంబంలో ఎవరికీ జ్ఞానస్నానం లేదు. ఒకటో తరగతిలో ఫీజు తగ్గుతుందని ఎవరో చెబితే తల్లి అలా రాయించింది. ఆ చేతిరాత నాకంటే ముందున్న హెచ్.ఎం.ది. ఫాదర్ గారు విచారణ పుస్తకాలు తిరగేసి, ఈ పేర్లు మా జ్ఞానస్నాన రిజిస్టరులో లేవని ఉత్తరం రాసిచ్చారు. దాన్ని పట్టుకుని ఆ అబ్బాయి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇక్కడ కాదు అక్కడ, అక్కడ కాదు రేపు. పత్రం చివరికి వచ్చింది. స్కాలర్‌షిప్ గడువు అంతకుముందే దాటిపోయింది. ఆ తల్లి మా వరండాలో కూర్చుని "నా చేతులతో నేనే చేసుకున్నాను టీచరమ్మా" అని ఏడిస్తే ఏమని ఓదార్చాలి?

ఇక నిజంగా జ్ఞానస్నానం పొందిన దళిత కుటుంబాలు. వీళ్లలో కొందరు రిజిస్టరులో హిందువని రాయించి, ఇంట్లో జపమాల చెబుతారు. వాళ్ల మీద నాకు కోపం రాదు. నా సర్టిఫికెట్ మీద బీసీ-సి అనే ఉంది, ఆ బాధ నాకు చెప్పనక్కర్లేదు. మతం మారినా వాడలో బావి మారలేదు, ఊళ్లో చూపు మారలేదు. 1950 ఉత్తర్వులోని ఆ మూడో పేరా తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషను ఉంది. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఏటా ఆగస్టు 10ని దళిత క్రైస్తవులు చీకటి దినంగా పాటిస్తారు, నేనూ నల్ల బ్యాడ్జీ పెట్టుకుంటాను. ఆ పోరాటం అక్కడ చేయాలి. ఆరేళ్ల పిల్ల పేరు పక్కన అబద్ధం రాయించి కాదు. ఆ అబద్ధం ఉద్యోగం వచ్చాక బయటపడితే పోయేది ఉద్యోగమే. తల్లి గుడికి వెళ్తుంది, తండ్రి వెళ్లడు, పిల్లకు ఏది రాయాలి అన్న చిక్కు నిజంగా ఉంటే తహసీల్దారు కార్యాలయంలో అడగండి, తెలిసిన ప్లీడరును అడగండి. వాట్సాప్‌ను అడగకండి.

అపోహ: చిన్నపిల్లలకు చెప్పకుండా జ్ఞానస్నానం ఇచ్చేస్తారు.

ఎక్కడ ఇస్తారు, నీళ్ల ట్యాంకు దగ్గరా? జ్ఞానస్నాన పుస్తకం బడిలో ఉండదు, విచారణ గురువు గారి దగ్గర ఉంటుంది. అందులో బిడ్డ పేరుతో పాటు తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (గాడ్‌పేరెంట్స్), సంస్కారం ఇచ్చిన గురువు, తేదీ, స్థలం అన్నీ రాయాలి. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి సమ్మతి లేనిదే పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వకూడదని తిరుసభ (కతోలిక సంఘం) చట్టం 868వ సూత్రం. ఎవరినీ బలవంతంగా విశ్వాసంలోకి లాగరాదని 748వ సూత్రం. మా సొంత బిడ్డలకే దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) ఇవ్వాలంటే నెలల తరబడి సత్యోపదేశం (మత పాఠాలు) చెప్పించి, పరలోక జపం తప్పు పోతే మళ్లీ కూర్చోబెడతారు. మీ పిల్లాడికి దొంగచాటుగా ఇచ్చేంత తీరిక ఎవరికీ లేదు.

ప్రార్థన సంగతి వేరు. అది ఉంది, దాచను. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు. కతోలిక పిల్లలు సిలువ గుర్తు వేసుకుంటారు, మిగిలినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు. సత్యోపదేశం గంటలో మా పిల్లలు సిస్టర్ గారితో వరండాలోకి వెళ్తారు. మిగిలినవాళ్లకు నేను వేమన పద్యాలు చెబుతాను. సాయం పొందే బడిలో, గుర్తింపు పొందిన బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ బిడ్డనూ మతబోధలో కూర్చోబెట్టరాదని 28(3) అధికరణం. మీకు ఇష్టం లేకపోతే ఒక కాగితం మీద రాసివ్వండి, చాలు. ఎవరూ మొహం మాడ్చుకోరు. ఎక్కడైనా మాడ్చుకుంటే ఆ కాగితం నకలు మండల విద్యాధికారికి ఇవ్వండి.

ఒక తండ్రి పరుగున వచ్చాడు, కొడుకు అన్నం ముందు సిలువ గుర్తు వేసుకుంటున్నాడని. నిజమే, పక్కన కూర్చునేవాడిని చూసి నేర్చాడు. ఆగస్టు 15 కవాతు తర్వాత వారం పాటు అదే పిల్లాడు గేదెకు కూడా సెల్యూట్ కొట్టాడని ఆయనకు గుర్తు చేశాను. నవ్వేశాడు. డిసెంబరులో మా క్రిస్మస్ పశువుల పాకకు గడ్డి వేసేది, వెదురు నక్షత్రానికి రంగు కాగితం అంటించేది ఎక్కువగా హిందువుల ఇళ్ల పిల్లలే. మొహర్రం నాళ్లలో రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువుకు వెళ్లి, పిల్లలకు చదువు రావాలని చదువు రొట్టె పట్టుకొచ్చే తల్లుల్లో ఆదివారం తప్పకుండా పూజకు వచ్చేవాళ్లూ ఉన్నారు. సిస్టర్ గారికి ఇది తెలుసు. ఆమె అడిగేది ఒకటే, రొట్టె పట్టుకున్నావు సరే, రాత్రి పిల్లాడి పుస్తకం పట్టుకున్నావా అని.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. రోమ్ నుంచి జీతాలు రావు. ఎయిడెడ్ పోస్టుల్లో ఉన్న మాకు ట్రెజరీ నుంచి వస్తాయి. విదేశీ విరాళం తీసుకునే సంస్థ ఏదైనా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే తీసుకోవాలి, గోనె సంచుల్లో కాదు. "తల్లికి వందనం" మా పిల్లలకూ వస్తుంది, హాజరు 75 శాతం ఉండాలి, అది చూసుకోండి. ఎయిడెడ్ బడులు మూసేశారన్నది 2021 నాటి గందరగోళం. అప్పుడు సాయం వదులుకోమన్నారు, తర్వాత నిర్ణయం యాజమాన్యాలకే వదిలేశారు. మేము వదులుకోలేదు. 1878లో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు కదా, మీరూ అంతే కదా అని అడిగే పెద్దమనుషులకు: అది ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్, క్లౌ దొరగారి కాలం. మేము వేరు. "బాగా కొట్టండి సిస్టర్, అప్పుడే చదువు వస్తుంది" అనే తండ్రులకు: కొట్టం. చట్టం ఒప్పుకోదు, నేను అసలే ఒప్పుకోను.

బొట్టు, మెడలో దీక్ష మాల గురించి రోజూ అడుగుతారు. పెట్టుకుని రావచ్చు. గాజులు మాత్రం గాజువి వద్దు, ఆటల్లో పగిలి గుచ్చుకుంటాయి.

చేర్పించడానికి వచ్చేటప్పుడు పుట్టిన తేదీ సర్టిఫికెట్, బిడ్డ ఆధార్, తల్లి ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకలు తెచ్చుకోండి. అన్నింట్లోనూ పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి. కుల ధ్రువీకరణ పత్రం ఉంటే తెండి, లేకపోతే సచివాలయంలో దరఖాస్తు పెట్టి రండి, దాని కోసం సీటు ఆపం. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేకపోయినా ఆపం, కానీ త్వరగా తీసుకోండి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలు బడికి వచ్చేసరికి పుట్టిన తేదీకి ఆ ఒక్క కాగితమే ఆధారం. నాలుగు దాటాక నేను ఆఫీసులోనే ఉంటాను. రిజిస్టరులో రాసింది మీకు చదివి వినిపించిన తర్వాతే సంతకం పెట్టండి, వేలిముద్ర వేసేవాళ్లు మరీ ముఖ్యంగా.